లినక్సు కూర్పు ఆగిపోయిన వెనుక



కంప్యూటరు నేడు పల్లెలకు క్రొత్త వస్తువు కాదు. సహకార సంఘముల లెక్కలు, పాఠశాలల పట్టికలు, గ్రంథాలయముల జాబితాలు, భూముల అడంగళ్లు దానియందే దాచుచున్నారు. యంత్రము చెడినచో బాగుచేయింపవచ్చును. బాగుపడదేని క్రొత్తది కొనవచ్చును. కాని యంత్రము చక్కగనే యుండి, దానిని నడపు వ్యవస్థను సిద్ధపఱచి పంపువారే ఒకనాడు ఇక మావలన కాదని చేతులు కడిగికొన్నచో నేమగును? అంతవఱకు దానిని నమ్మి వాడుకొన్నవారి గతి యేమి? ఇది ఊహామాత్రమైన ప్రశ్న కాదు. గడచిన ముప్పదియేండ్లకు పైబడిన లినక్సు చరిత్రమున ఇది పలుమాఱులు జరిగినది. ఆ చరిత్రమును సంగ్రహముగా మనవి చేసెదను.

మొదట పేరు తెలిసికొందము. కంప్యూటరుచే పని చేయించు మూల ప్రోగ్రాముల సముదాయమును ఆపరేటింగు సిస్టము అందురు. లినక్సు అట్టిదని లోకవాడుక. నిక్కముగా చెప్పవలెనన్న లినక్సు అందలి కీలకభాగము మాత్రమే; బండికి ఇరుసు వంటిది. ఇరుసొక్కటి చేతికిచ్చి ప్రయాణము చేయుమన్న ఎవరు చేయగలరు? చక్రములు, నొగ, కాడి, తొట్టి అన్నియు కూర్పవలయును. అట్లే ఈ కీలకభాగమునకు వేలకొలది ఇతర ప్రోగ్రాములను జతపఱచి, ఒకదానితో నొకటి పొసగునట్లు పరీక్షించి, సామాన్యుడు తన యంత్రమున ఎక్కించుకొనుటకు వీలుగా ఇచ్చెడి సంపుటమునకు ఇంగ్లీషువారు డిస్ట్రిబ్యూషను అని పేరిడిరి. మనము కూర్పు అందము. ఒకే భారతమునకు పలువురు పండితులు పరిష్కరించిన పలు కూర్పులున్నట్లు ఒకే లినక్సునకు పలు కూర్పులు గలవు. డెబియను, ఉబుంటు, ఫెడోరా, స్లాక్‌వేరు మొదలగునవి అట్టివి.

ఈ కూర్పులకు ఆధారమైన ధర్మము లినక్సుకంటె ముందే పుట్టినది. 1983 సెప్టెంబరులో అమెరికాలో రిచర్డు స్టాల్‌మన్ అను నాయన గ్నూ అను పేర నొక ప్రయత్నమును ప్రకటించెను. ఎల్లవారికిని చదువుటకు, మార్చుటకు, పంచిపెట్టుటకు స్వేచ్ఛగల ఆపరేటింగు సిస్టమును నిర్మింపవలెననుట ఆయన సంకల్పము. అందులకై జి.పి.ఎల్. అను లైసెన్సును 1989లో వెలువరించెను. 1991లో ఫిన్లండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయపు విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ లినక్సు కీలకభాగమును వ్రాసి, 1992లో దానిని ఆ లైసెన్సు క్రిందికి తెచ్చెను.

ఈ లైసెన్సు చెప్పునది రెండు ముక్కలలో చెప్పవచ్చును. ప్రోగ్రామును పొందినవానికి దాని మూలపాఠము, అనగా మనుష్యులు చదివి దిద్దుటకు వీలైన ప్రతి, పొందు హక్కు కలదు. దానిని మార్చి మఱల ప్రకటించు హక్కును కలదు. ఇది మొదటి ముక్క. రెండవ ముక్కను జనులు తఱచుగా చదువరు. ఈ ప్రోగ్రామునకు ఎట్టి హామీయు లేదని ఆ పత్రమే స్పష్టముగా చెప్పుచున్నది. హక్కు మనది, పూచీ ఎవ్వరిదియు కాదు. కూర్పు ఆగిపోయిననాడు వాడుకొనువారికి కలుగు మేలును కీడును ఈ రెండు ముక్కలయందే యిమిడియున్నవి.

మొదటి దృష్టాంతము లినక్సు పుట్టిన మఱుసటి యేటనే కానవచ్చును. 1992లో పీటర్ మెక్‌డొనాల్డ్ అను నాయన ఎస్.ఎల్.ఎస్. అను కూర్పును వెలువరించెను. ఆ కాలమున జనులు విశేషముగా వాడుకొన్న కూర్పు అదియే. కాని అందు తప్పులు మెండు, దిద్దుబాటు చాలలేదు. 1993 జూలైలో పాట్రిక్ వోల్కర్డింగ్ ఆ కూర్పునే తీసికొని, తప్పులు సవరించి, స్లాక్‌వేరు అను పేర ప్రకటించెను. అదే సంవత్సరము ఆగస్టులో ఇయాన్ మర్డాక్ అను విద్యార్థి, ఎస్.ఎల్.ఎస్. లోపములతో విసిగి, పలువురు కలిసి శ్రద్ధతో నిర్వహించు క్రొత్త కూర్పునకు పూనుకొనెను. అదియే డెబియను. ఎస్.ఎల్.ఎస్. కొలది కాలమునకే అంతరించెను. స్లాక్‌వేరును డెబియనును నేటికిని జీవించియున్నవి. మూలపాఠమును ఎల్లవారును తీసికొనవచ్చునన్న ధర్మము లేకున్నచో, ఆ తొలి కూర్పుతోడనే వాడుకొనువారి శ్రమయు మన్నుపాలై యుండెడిది.

ఇక కూర్పు ఆగుట యనగా నేమో విచారింతము. ఆగిపోయినదను ప్రకటన వెలువడిన దినముననే యంత్రములు నిలిచిపోవు. నిన్న వ్రాసికొన్న లెక్క నేడును కనబడును, రేపును కనబడును. ఇందుచేతనే పలువురు ఉపేక్షింతురు. మన ఊరి చెఱువును తలచుకొనుడు. నీరటి పని మానిన దినముననే కట్ట తెగదు. తూము పూడినను, కట్టపై ఎలుకలు బొరియలు త్రవ్వినను, వేసవిలో నెవరికిని కానరాదు. పెద్దవాన కురిసిన రాత్రి తెలియును. కంప్యూటరునకును పెద్దవాన వంటిది కలదు.

ఏ ప్రోగ్రామునందైనను వ్రాసినవారికే తెలియని లోపములు దాగియుండును. ఎవరో యొకరు ఒకనాడు కనిపెట్టుదురు. కనిపెట్టిన సంగతి వెల్లడియైన తోడనే దొంగలకును తెలియును. అప్పుడు కూర్పును నిర్వహించువారు సవరణను సిద్ధపఱచి వాడుకరులకందఱకును పంపుదురు. కూర్పు ఆగినచో మొదట ఆగునది ఈ సవరణయే. రెండవది భాండాగారము. ప్రతి కూర్పునకును ఇంటర్నెట్టులో ప్రోగ్రాములు నిలువయుంచు కొట్లు కొన్ని యుండును. యంత్రములు తమకు కావలసినవి అచటినుండి తెచ్చుకొనును. కొంతకాలమునకు ఆ కొట్లు మూతపడును. మూడవది పొందిక. క్రొత్త అచ్చు యంత్రము, క్రొత్త తెర కొన్నప్పుడు పాత కూర్పు వానిని గుర్తింపజాలదు. ఈ మూడును ఒక్కటొక్కటిగా, కాలక్రమమున కలుగు నష్టములు. కనుక కూర్పు ఆగినవాని మొదటి ధనము వ్యవధి. ఆ వ్యవధి ఎంత అనునదే అసలు సంగతి.

దీనికి రెడ్‌హాట్ కథ మంచి దృష్టాంతము. అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రమున నెలకొన్న రెడ్‌హాట్ కంపెనీ తన పేరిటి కూర్పును ఎల్లవారికిని ఇచ్చుచుండెడిది. 2003 మార్చిలో అందు తొమ్మిదవ సంచిక వెలువడెను. అదియే కడపటిది. 2004 ఏప్రిల్ 30తో దానికి సవరణలు నిలిచిపోయెను. కంపెనీ వాడుకరులకు రెండు దారులు చూపెను. సొమ్ము చెల్లించువారికి ఎంటర్‌ప్రైజు అను దీర్ఘాయువుగల కూర్పు. చెల్లింపనివారికి ఫెడోరా అను క్రొత్త కూర్పు. ఫెడోరా త్వరత్వరగా మాఱునది. దాని ప్రతి సంచికకును ఆయువు ఇంచుమించు పదుమూడు నెలలు. ప్రయోగములు చేయు యువకులకు అది చాలును. ఒకసారి ఎక్కించి ఏండ్ల తరబడి కదలింపక వాడుకొనదలచిన పాఠశాలలకు, చిన్న కచేరీలకు అది పనికిరాదు. సొమ్ము చెల్లించు శక్తియు వారికి లేదు.

అట్టివారి కొఱకు కొందఱు స్వచ్ఛంద సేవకులు ఒక ఉపాయము కనుగొనిరి. ఎంటర్‌ప్రైజు కూర్పు మూలపాఠము బయట దొరకుచునే యుండెను. దానిని తీసికొని, రెడ్‌హాట్ పేరును చిహ్నములను తొలగించి, మిగిలినదంతయు యథాతథముగా మఱల నిర్మించి ఉచితముగా నిచ్చిరి. 2004లో వెలువడిన ఆ కూర్పునకు సెంట్‌ఓఎస్ అని పేరు. అదే యేట అమెరికాలోని ఫెర్మీల్యాబును, జెనీవా చెంతనున్న సెర్న్ అను భౌతికశాస్త్ర పరిశోధనాలయమును కలిసి, ఇదే పద్ధతిని సైంటిఫిక్ లినక్సు అను కూర్పును తమ శాస్త్రజ్ఞుల కొఱకు సిద్ధపఱచినవి. పరమాణువుల లోగుట్టు వెదకు మహాశాలలును, వీథిమొగలోని చిన్న కార్యాలయములును ఒకే నిధినుండి నీరు తోడుకొనినట్లయ్యెను.

ఇచట ఒక ధర్మసూక్ష్మమును గుర్తింపవలయును. మూలపాఠము ఎల్లవారి సొత్తు. పేరు మాత్రము యజమానిది. వ్యాపారచిహ్నము చట్టమువేఱు, లైసెన్సువేఱు. వారసుడు పొలము దున్నుకొనవచ్చును గాని పూర్వుని సంతకము చేయరాదు. ఆగిపోయిన కూర్పును ఎవరెత్తుకొన్నను క్రొత్త పేరు పెట్టుకొనుటకు కారణమిదియే. వాడుకరి పాతపేరునే వెదకికొనుచు కూర్చున్నచో వారసుని కనుగొనలేడు.

సెంట్‌ఓఎస్ లక్షలాది సర్వర్లపై వ్యాపించినది. దానికి తొలి గండము 2009లో వచ్చినది. ఆ కూర్పు ఇంటర్నెట్టు చిరునామాయు, విరాళముల సొమ్మును స్థాపకులలో నొకరి చేతిలోనే యుండెను. ఆయన పలుకక, కనబడక యుండుటచే తక్కిన నిర్వాహకులు జూలై 30న ఆయనకు బహిరంగలేఖ వ్రాయవలసి వచ్చినది. రెండుమూడు దినములలో ఆయన వచ్చి కలిసికొనగా తగవు తీరినది. తాళపుచెవి యొక్కరి మొలత్రాటికే కట్టియున్నచో ఎంత పెద్ద ధాన్యపుకొట్టైనను ఒక్కని ఆరోగ్యముపైన, ఒక్కని బుద్ధిపైన ఆధారపడియుండునని ఆనాడు లోకమునకు తెలిసినది.

2014 జనవరిలో రెడ్‌హాట్ కంపెనీయే సెంట్‌ఓఎస్ నిర్వాహకులను తన కొలువులో చేర్చుకొని, ఆ పేరును తన వశము చేసికొనెను. జీతములు వచ్చును, యంత్రములు వచ్చును, ఇక భయము లేదని చాలమంది సంతోషించిరి. 2019 జూలైలో ఐ.బి.యం. కంపెనీ సుమారు 3400 కోట్ల డాలర్లకు రెడ్‌హాట్‌ను కొనుట పూర్తియయ్యెను. అదే యేట సెప్టెంబరులో సెంట్‌ఓఎస్ ఎనిమిదవ సంచిక వెలువడెను. దానికి 2029 మే నెలాఖరు వఱకు సవరణలు వచ్చునని అందఱును ఎంచుకొనిరి. ఆ నమ్మకముతోనే కచేరీలు, కళాశాలలు, వ్యాపారశాలలు తమ యంత్రములను దానిలోనికి మార్చుకొనినవి.

2020 డిసెంబరు 8న పిడుగు పడినది. ఎనిమిదవ సంచికకు 2021 డిసెంబరు 31తో సరి యని ప్రకటన వెలువడెను. పదేండ్లని యెంచుకొన్న ఆయువు రెండేండ్ల మూడు నెలలయ్యెను. అంతకంటె పాతదైన ఏడవ సంచికకు మాత్రము మునుపటి గడువు 2024 జూన్ 30 అట్లే నిలిచినది. శ్రద్ధగా క్రొత్త ఇంటికి మాఱినవాడు ముందుగా వీథిని పడెను. బద్ధకించి పాత యింటనే యున్నవానికి రెండున్నరయేండ్లు అదనముగా దొరకెను. జాగ్రత్తపరులకే శిక్ష పడుటచేత జనులకు కోపము హెచ్చినది.

కంపెనీ వాదమును ధర్మముగా చెప్పవలయును. ఇకపై సెంట్‌ఓఎస్ స్ట్రీము అను రూపముననే తమ శ్రమ సాగునని వారనిరి. ఎంటర్‌ప్రైజు కూర్పునకు వెనుక వచ్చు నకలుగా గాక, దానికి ముందుగా మార్పులు చేరు చోటుగా స్ట్రీము ఉండునని వారి తాత్పర్యము. 2021 జనవరిలో, పదునాఱు యంత్రముల వఱకు ఎంటర్‌ప్రైజు కూర్పును రుసుము లేకయే వాడుకొనుటకు అనుమతియు నిచ్చిరి. చిన్నవారికి ఇది కొంత ఊరటయే. కాని మార్పులు స్థిరపడిన పిదపనే తమకు చేరవలెనని కోరుకొన్నవారికి, మార్పులు ముందుగా చేరు చోటు సమాధానము కాలేదు.

అందఱికంటె చిత్రమైన గతి శాస్త్రజ్ఞులది. 2019 ఏప్రిల్‌లో ఫెర్మీల్యాబువారు సైంటిఫిక్ లినక్సునకు ఇక క్రొత్త సంచిక యుండదనియు, సెంట్‌ఓఎస్ ఎనిమిదవ సంచికకు మాఱెదమనియు ప్రకటించిరి. ఒకే పని రెండుచోట్ల చేయుటకంటె సంఘముతో కలియుట మేలని వారి యోచన. అది న్యాయమైన యోచనయే. కాని వారు చేరబోయిన పడవ ఇరువది నెలలు తిరుగకమునుపే మునుగుచున్నదని వార్త వచ్చినది. మఱల విచారించి, పరీక్షించి, 2022 డిసెంబరులో ఆ రెండు సంస్థలును ఆల్మాలినక్సు అను క్రొత్త కూర్పును తమ ప్రయోగములకు సిఫారసు చేసినవి. వారియొద్ద నిపుణులుండిరి గనుక తట్టుకొనగలిగిరి. ఒక్క ఉపాధ్యాయుడు తీరికవేళల యంత్రములను చూచుకొను పాఠశాలకు అట్టి విచారణ చేయువారెవరు?

ఈ ఆల్మాలినక్సు ఎక్కడిది? పిడుగు పడిన వెంటనే వారసులు లేచిరి. సెంట్‌ఓఎస్ స్థాపకులలో నొకరైన గ్రెగరీ కర్ట్‌జర్ తాను క్రొత్త కూర్పును నిర్మించెదనని ప్రకటించి, పూర్వము తనతో పనిచేసి మరణించిన రాకీ మెక్‌గా అను సహచరుని స్మృతికై దానికి రాకీ లినక్సు అని పేరిడెను. క్లౌడ్‌లినక్సు అను కంపెనీ ఏటికి పదిలక్షల డాలర్లు వెచ్చింతునని పూనుకొని ఆల్మాలినక్సును ప్రారంభించి, నిర్వహణమును లాభాపేక్షలేని సంస్థకు అప్పగించెను. 2021 మార్చి 30న ఆల్మాయు, జూన్ 21న రాకీయు స్థిరమైన తొలి సంచికలను వెలువరించినవి. గడువు తీరుటకు ఇంకను ఆఱునెలలుండెను.

మాఱుటయు కష్టసాధ్యము కాలేదు. రెండు వారసుల కడను ఒక చిన్న ప్రోగ్రాము దొరకెడిది. దానిని నడపినచో పాత కూర్పు పేరుగల భాగములను తీసివేసి, క్రొత్తవానిని అమర్చి, సవరణలు తెచ్చుకొను భాండాగారపు చిరునామాను మార్చివేయును. వాడుకరి లెక్కలు, పత్రములు ఉన్నచోటనే యుండును. మూలపాఠ మొక్కటే యగుటచే ఇది సాధ్యమైనది. డెబియను వంటి వేఱు వంశపు కూర్పునకు పోదలచినవారు మాత్రము తమ పత్రములను బయట దాచుకొని, యంత్రమును మొదటినుండి సిద్ధపఱచుకొనవలసి వచ్చినది.

మాఱనివారి సంగతి యేమి? 2022 జనవరి 25న, అనగా గడువు తీరిన యిరువదియైదు దినములకే, పోల్‌కిట్ అను ప్రోగ్రామునందు గొప్ప లోపమొకటి వెల్లడియయ్యెను. 2009 నుండియు, పండ్రెండేండ్లకు పైగా, అది పెక్కు లినక్సు కూర్పులలో ఎవ్వరికిని తెలియక దాగియుండెను. యంత్రమున చిన్న అధికారము గలవాడెవడైనను దానిద్వారా సర్వాధికారము పొందవచ్చును. సజీవమైన కూర్పులవారు వెంటనే సవరణలు పంపిరి. గడువు తీరిన కూర్పువాడు అట్టి సవరణను అడుగుటకు గడప యేదియు లేదు. ఆ నెలాఖరున భాండాగారమును సాధారణపు చోటులనుండి తొలగించి పాత సరకు దాచు కొట్టునకు మార్చిరి. అంతవఱకు ఉపేక్షించినవారి యంత్రములు ప్రోగ్రాములకై వెదకి రిక్తహస్తములతో తిరిగివచ్చినప్పుడు గాని కూర్పు ఆగినదని కొందఱకు తెలియలేదు.

వారసుల కథయు అంతటితో ముగియలేదు. 2023 జూన్‌లో రెడ్‌హాట్, ఎంటర్‌ప్రైజు మూలపాఠమును ఇకమీద బహిరంగముగా స్ట్రీము రూపముననే ఉంచుదుమనియు, ఖచ్చితమైన ప్రతిని తన ఖాతాదారులకే ఇత్తుమనియు ప్రకటించెను. తాము శ్రమపడి దిద్దినదానిని ఏ మార్పును లేక మఱల నిర్మించువారివలన తమకు మేలు లేదని వారి వాదము. లైసెన్సు ఇచ్చిన స్వేచ్ఛయొక్క భావమునకే ఇది విరుద్ధమని ఎదుటివారి వాదము. ఆల్మావారు అక్షరశః నకలు చేయుట మానుకొని, అవే ప్రోగ్రాములు నడచునట్లు పొందికను కాపాడుకొనిన చాలునని నిశ్చయించిరి. రాకీవారు ఇతర మార్గముల మూలపాఠమును సంపాదించుచు తమ పద్ధతినే సాగించిరి. రెండును నిలిచినవి. అయినను ఒకరి పొలమునుండి పాఱు కాలువపై ఆధారపడిన మడికి ఎప్పటికిని కొంత దిగులు తప్పదు.

ఇతర దేశములలో వేఱు తీరులు కనబడును. ఫ్రాన్సు దేశమున 1998లో గేల్ డ్యూవాల్ ప్రారంభించిన మాండ్రేక్ కూర్పు, సామాన్యులకు లినక్సును సులభము చేసిన వానిలో నొకటి. 2005లో బ్రెజిలు దేశపు కొనెక్టివా కంపెనీతో కలిసి అది మాండ్రీవా అయ్యెను. కంపెనీకి ఆర్థికపు చిక్కులు వచ్చి ఉద్యోగులను తొలగింపగా, 2010 సెప్టెంబరులో ఆ మాజీ ఉద్యోగులును వాడుకరులును కలిసి మాజియా అను పేర సంఘమును స్థాపించిరి. 2011 జూన్ 1న వారి తొలి సంచిక వెలువడెను. మూలకంపెనీ 2015లో మూతపడెను. తల్లి మరణించునప్పటికి బిడ్డకు నాలుగేండ్లు. వాడుకరులు తొందరపడనక్కఱలేకయే మాఱగలిగిరి.

2019 మేలో ఆంటెర్గోస్ అను చిన్న కూర్పు నిర్వాహకులు తమకు తీరిక చాలుట లేదని నిజము చెప్పి నిలిపివేసిరి. ఆ కూర్పు ఆర్చ్ లినక్సు అను పెద్ద కూర్పు భాండాగారముపై ఆధారపడినది. కావున పైపొర పోయినను సవరణలు ఆర్చ్ నుండి నేరుగా వచ్చుచునే యుండెను. ఆ వాడుకరులలో కొందఱు రెండు నెలలలోనే ఎండెవర్‌ఓఎస్ అను కూర్పును నిలిపిరి. దీనికి వ్యతిరేకముగా, ఇంటెల్ కంపెనీ తన క్లియర్ లినక్సును 2025 జూలై 18న నిలిపివేయుచు, సవరణలు ఆనాటినుండియే యుండవని చెప్పెను. వ్యవధి ఒక్క దినమైనను లేదు. ధనవంతుని పోషణము గొప్పదే. కాని దానంతట అది నిత్యము కాదు.

మఱి దీర్ఘాయువు దేనికి? డెబియనును చూడుడు. స్థాపకుడైన ఇయాన్ మర్డాక్ 1996లోనే నాయకత్వమును వదలెను. తరువాత సభ్యులు నాయకుని ఏటేట ఎన్నుకొను ఏర్పాటు కలిగినది. 1997లో వాడుకరులకు తాము చేయు వాగ్దానమును ఒక పత్రముగా వ్రాసికొనిరి. 1998లో తమకొక రాజ్యాంగమును నిర్మించుకొనిరి. మర్డాక్ 2015 డిసెంబరులో మరణించెను. పని ఒక్కనాడును ఆగలేదు. 2025 ఆగస్టులో పదుమూడవ సంచిక వెలువడినది. అచటను ప్రతి సంచికకు గడువు కలదు. పాత సంచికలకు దీర్ఘకాలము సవరణలు వచ్చుటకు పలు సంస్థలు సొమ్ము చెల్లించుచున్నవి. ఉచితముగా దొరకుదానికిని ఎవరో యొకరు ఖర్చు భరించుచునే యున్నారు. అయితే ఆ భారము పలువురి భుజములపై నున్నది. తాళపుచెవులును పలువురి చేతులలో నున్నవి.

మన దేశమున సి-డాక్ సంస్థ 2007లో వెలువరించిన బాస్ అను కూర్పునకు డెబియనే మూలము. కనుక ఈ చరిత్రము మనకు పరాయిది కాదు. మీ సంఘపు కచేరీలోనో, పాఠశాలలోనో లినక్సు నడచుచున్నచో, పెద్దలైన మీరు కంప్యూటరు విద్య నేర్వకయే అడుగదగిన ప్రశ్నలు నాలుగు గలవు.

ఈ సంచికకు సవరణలు ఏ తేదీ వఱకు వచ్చును? ఆ తేదీ గోడమీద వ్రాసియుండవలయును. సంచిక గడువు తీరుట వేఱు, కూర్పే ఆగుట వేఱు. మొదటిది తెలిసినదే, పంచాంగము మాఱునట్టిది. రెండవదానిని కనిపెట్టుటకు నిర్వాహకుల ప్రకటనలను చదువు బాధ్యత ఒకరికి అప్పగింపవలయును. ఈ కూర్పునకు మూలమైన కూర్పు ఏది, అది బ్రతికియున్నదా? పైపొర పోయినను వేరు బ్రతికియున్నచో మాఱుట సులభము. దీనిని నిర్వహించువారు ఒక్కరా, ఒక కంపెనీయా, పలువురు కూడిన సంఘమా? కడపటిదియు ముఖ్యమైనదియు నిది: మన లెక్కలకు, పత్రములకు వేఱొక ప్రతి యంత్రము బయట నున్నదా? దానిని వేఱు కూర్పుగల యంత్రమున తెఱచి చదువవచ్చునా? చదువవచ్చునేని, కూర్పు ఆగినది ఒక వారము పని మాత్రమే. చదువరాదేని, అది ఒక తరము నష్టము.

సొంత యజమానిగల వ్యవస్థ ఆగినప్పుడు వాడుకరికి మూలపాఠము దక్కదు. యజమాని దయయే శరణ్యము. లినక్సు కూర్పు ఆగినప్పుడు మూలపాఠము వాడుకరులకు వారసత్వముగా మిగులును. ఎస్.ఎల్.ఎస్. మొదలు సెంట్‌ఓఎస్ వఱకు ఈ సత్యమే జనులను కాపాడినది. కాని అందఱి సొత్తైన పొలమును ఎవరును దున్నకున్నచో బీడగును. రాకీ, ఆల్మా, మాజియా తమంతట తాము మొలచినవి కావు. కొందఱు పూనుకొని రాత్రులు మేల్కొని, కొందఱు సొమ్మిచ్చి నిలిపినవి. మీ ఊరి బడిలో ఈ విద్య నేర్చుచున్న పిల్లలు నలుగురున్నచో, కూర్పులను వాడుకొనుట మాత్రమే గాక, వానిలోని లోపములను తెలుపుటయు, తెలుగు మాటలను చేర్చుటయు, ప్రతులను కాపాడుటయు వారికి నేర్పింపుడు. రేపు మఱియొక కూర్పు ఆగిననాడు దానిని ఎత్తుకొనువారిలో మనవారును ఉందురు.